చేపల తొట్టెలో వెలుతురు

మా మామగారి కళ్ళ కోసం నేను మూడు కిలోల పంచదార పాడుచేశానని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. ఆయన పెద్దకర్మ రోజున కూడా అన్నారు, భోజనాలయ్యాక, వక్కపొడి నములుతున్న చుట్టాల ముందు. అందరూ నవ్వారు. చావింట్లో నవ్వడానికి కారణం దొరికితే జనం వదులుకోరు. నేనూ నవ్వాను. మూడు కిలోలన్నది నిజమే. ఆవిడ నా మీద మోపే నేరం పంచదార దగ్గరే ఆగిపోవడం నాకు ఊరట.

అప్పటికి తొంభైల చివర. నేను మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన గుంటూరు దగ్గర ఒక పత్తి మిల్లులో పని. పత్తి వచ్చే కాలంలో నెలకోసారి ఇంటికి వస్తే గొప్ప. ఇంట్లో మామగారు, అత్తగారు, నేను. మామగారు రెండెకరాలు మిరప, రెండెకరాలు పత్తి వేసేవారు. పత్తిని తిట్టేవారు, మిరపని పొగిడేవారు. రెంటి మీదా వచ్చే రాబడి ఒకటే అయినా ఆ తేడా మాత్రం పోలేదు.

జనవరిలో మా బడిలో కంటి పరీక్షల శిబిరం పెట్టారు. పిల్లల కోసం వచ్చిన డాక్టరు, సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మామగారిని కూడా కూర్చోబెట్టి చూశాడు. ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారన్నది మర్యాదకి చెప్పుకునే మాట. నిజానికి చీకటి పడితే నేను ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. రెండు కళ్ళకీ శుక్లాలు ఉన్నాయి, ఎడమది బాగా ముదిరింది, ఇంకా ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు రాదు అన్నాడు. ఎండాకాలం లోపు చేయించండి అన్నాడు.

ఇంటికి వస్తూ దారిలోనే చెప్పాను.

"ముదిరిందంటనా?" అన్నారు మామగారు.

"బాగా ముదిరిందట మామయ్యా."

"అయితే ఇంకో కోతకాలం ఆగుదాం. మా నాయన కంటికి అట్టాగే ఆగారు. అప్పటి డాక్టరే చెప్పాడు, పండందే కొయ్యనని. పచ్చికాయ కోస్తే ఏం వచ్చిద్ది?"

వాళ్ళ నాన్నగారి కాలంలో డాక్టర్లు అలా చెప్పిన మాట నిజమే. ఇప్పుడు పద్ధతి మారిందన్నాను. కంట్లో మసకబారిన పొరని తీసేసి, దాని బదులు చిన్న గాజులాంటి బిళ్ళ పెడతారన్నాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

"గాజుముక్క కంట్లో పెడతారా?"

"గాజు కాదు మామయ్యా, అలాంటిది."

"ఏదో ఒకటి. గాజు ఎట్టా చూసుద్దమ్మాయ్?"

నేను సైన్సు టీచర్ని. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. జవాబు తెలిసినవాళ్ళు చేసే తప్పు ఒకటుంటుంది. ఎదుటివాళ్ళకి కావలసింది ఆ జవాబేనని నమ్ముతారు. బిళ్ళ చూడదని, వెలుతురుని వంచుతుందని, వంగిన వెలుతురు కంటి అడుగున పడితే మనం చూస్తామని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"వెలుతురు వంగుద్దా?"

"వంగుతుంది."

"వంగితే మరి మలుపు అవతల వచ్చే మనిషి మనకి ఇక్కణ్ణించే కనపడాలి గదా?"

పదేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నోటితో చెబితే లాభం లేదని, చూపించాలని ఆ రోజే అనుకున్నాను. కళ్ళు కనపడని మనిషికి చూపించి ఒప్పించాలనుకోవడంలో ఉన్న తెలివితక్కువతనం నాకు అప్పుడు తట్టలేదు. మా ఆయనకి ఫోన్ చేస్తే, "నాన్న నా మాట వినడు. సైన్సు నీదేగా, నువ్వే చెప్పు" అన్నారు. అది నాకు మెచ్చుకోలులాగానే వినిపించింది.

ప్రయోగం తేలికే. పలకల్లాంటి గోడలున్న గాజు తొట్టె కావాలి. అడుగున చిక్కటి పంచదార నీళ్ళు పోసి, వాటి మీద మామూలు నీళ్ళు చెదరకుండా పోసి, ఒక రాత్రి కదలకుండా ఉంచితే రెంటికీ మధ్య గీత చెరిగిపోయి, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా చిక్కబడే నీళ్ళు తయారవుతాయి. పక్కనుంచి సన్నటి వెలుతురు పంపిస్తే అది చిక్కదనం ఉన్న వైపుకి, అంటే కిందికి, వంపు తిరుగుతుంది. నాలుగు చుక్కల పాలు కలిపితే దారి స్పష్టంగా కనిపిస్తుంది. వెలుతురు కోసం లేజరు లైటు ఉంది. అంతకుముందు ఏడు శివరాత్రికి పెదకాకాని వెళ్ళినప్పుడు బొమ్మల బండి మీద కొన్నాను. తాళంచెవులకి తగిలించుకునే చిన్న గొట్టం, నొక్కినంతసేపే వెలుగుతుంది.

తొట్టె కూడా ఇంట్లోనే ఉంది. మా ఆయన ఒకప్పుడు ముచ్చటపడి రంగు చేపలు తెచ్చారు. కరెంటు కోతలకి అవి వారం కంటే బతకలేదు. ఖాళీ తొట్టెలో మా అత్తగారు వాడరేవు నుంచి తెప్పించిన ఎండుచేపలు దాచుకున్నారు. బతికున్న చేపలు వారం ఉన్న తొట్టెలో ఎండుచేపలు రెండేళ్ళు ఉన్నాయి. చింతపండుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు తోమాను. వాసన పూర్తిగా పోలేదు.

ఇక చీకటిగది. మా ఇంట్లో పగలు చీకటిగా ఉండే గది మిరపకాయల కొట్టు ఒక్కటే. ఒకవైపు గోతాలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి, ఉన్న ఒక్క కిటికీకీ పట్టా కట్టి ఉంటుంది. తలుపు మూస్తే కంటికి చెయ్యి కనపడదు. తలుపు మూస్తే తుమ్ములు కూడా మొదలవుతాయి. నేను శనివారం సాయంత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని, కిలో పంచదార కరిగించి పోసి, దాని మీద అరిటాకు ముక్క తేలేసి, ఆ ఆకు మీద చెంబుతో సన్నగా నీళ్ళు పోసి బయటికి వచ్చాను.

ఆదివారం పొద్దున మామగారు గోతాల కోసం కొట్టులోకి వెళ్ళారు. తొట్టె చేతికి తగిలింది. ఏముందోనని వేలు పెట్టారు. పైన పల్చగా ఉంది, అడుగున జిగటగా ఉంది. పత్తి రైతుకి ఇంతకంటే అనుమానించదగ్గ విషయం ఇంకోటి ఉండదు. డ్రమ్ములో మందు అడుగున పేరుకుపోతే ఏమవుతుందో ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పారు. కలపని మందు మొదటి సాలుని మాడుస్తుంది, ఆఖరి సాలులో పురుగుని మేపుతుంది. అందుకని మూలనున్న కందికట్టె తీసుకుని, అడుగంటా తగిలేలా, కుడివైపుగా, తీరిగ్గా తిప్పారు. నేను కొట్టులోకి వచ్చేసరికి ఇంకా తిప్పుతూనే ఉన్నారు.

"నువ్వు కలపడం మర్చిపోయావమ్మాయ్" అన్నారు. "నేను కలిపాలే."

పాలు కలిపిన నీళ్ళు ఆకుముక్కతో సహా ఒక్కటై ఉన్నాయి. అయినా ఆశ చావక లైటు నొక్కాను. మా అత్తగారిని పిలిచాను. ఎర్రటి గీత తొట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి గీత గీసినట్టు తిన్నగా పోయింది. నీళ్ళన్నీ ఒకే చిక్కదనంలో ఉంటే అది వంగే పని లేదు.

"తిన్నగా పోతందా?" అని మామగారు అత్తగారిని అడిగారు.

"తాడు లాగినట్టు పోతంది" అన్నారు ఆవిడ.

"చెప్పలా?" అన్నారు మామగారు నా వైపు తిరిగి, నన్ను నొప్పించకుండా.

ఆ నీళ్ళు అత్తగారు గేదె కుడితిలో పోశారు. ఆ పూట గేదె గిన్నెడు పాలు ఎక్కువ ఇచ్చిందని ఆవిడ ఇప్పటికీ అంటారు. నా బోధన వల్ల లాభపడిన మొదటి ప్రాణి అదే.

మధ్యలో బడి ఉంది కాబట్టి రెండో ప్రయత్నం వచ్చే ఆదివారానికి పడింది. మళ్ళీ కిలో పంచదార. ఈసారి కొట్టుకి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. ఆదివారం పదింటికి మామగారిని లోపల పీట మీద కూర్చోబెట్టి తలుపు మూశాను. లైటు నొక్కగానే మిరపదుమ్ములో కూడా ఎర్రటి గీత కనిపించింది. తొట్టెలోకి దిగాక అది మెల్లగా, కొడవలి వీపులా, కిందికి వంగి అడుగుని తాకింది. పుస్తకాల్లో బొమ్మలు చూశాను, పాఠాలు చెప్పాను, కానీ అంత బాగా వంగగా నేనూ చూడటం అదే మొదటిసారి.

"చూడండి మామయ్యా!"

ఆయన తుమ్మారు. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. మొహం తొట్టెకి ఆనించినంత దగ్గరగా పెట్టారు.

"బాగుందమ్మాయ్."

"వంగింది చూశారా?"

"ఎర్రగా ఏదో ఉంది. పొగలాగా. వంగిందంటావా?"

ఆయన వేలు పట్టుకుని తొట్టె బయటివైపు గాజు మీద ఆ గీత వెంట నడిపించాను. ఇక్కణ్ణించి మొదలు, ఇక్కడిదాకా దాదాపు తిన్నగా, ఇక్కణ్ణించి కిందికి. రెండోసారి ఆయనే వేలు నడుపుకున్నారు.

"అడుగున చిక్కన, పైన పల్చన. అంతేగా?"

"అంతే."

"మరి ఇందులో నువ్వు చెప్పేదేముంది? బండి గట్టు వార పోయేటప్పుడు ఒక చక్రం బురదలో దిగబడిందనుకో. ఆ చక్రం నెమ్మదిస్తది. గట్టి నేల మీద చక్రం దాని పాటికి అది పోతంటది. బండి ఎటు తిరుగుద్ది? బురదవైపే. ఎడ్లని తిట్టి లాభం లేదు. ఇదీ అంతేగా? కింద అంచు పానకంలో నెమ్మదిస్తంది, పై అంచు నీళ్ళలో పోతంది."

విరళ యానకం నుంచి సాంద్రతర యానకంలోకి ప్రవేశించే కాంతి లంబం వైపు వంగుతుందని పదేళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాను. ఎందుకు వంగుతుందో ఏ ఒక్కరికీ ఇంత తేలిగ్గా చెప్పలేదు. నాకు సంతోషం వేసింది. పని అయిపోయిందనుకున్నాను. మన కన్ను కూడా ఇలాంటి తొట్టేనని, లోపల పల్చనివీ చిక్కనివీ పొరలుంటాయని, ఆ బిళ్ళ అలాంటి ఒక పొర అని చెప్పాను.

"పొరలుంటే, అడుగున పేరుకున్నదాన్ని కలిపితే సరి గదా, కొయ్యడం దేనికి?" అన్నారు ఆయన. వేళాకోళం ఆడుతున్నారో నిజంగానే అడుగుతున్నారో చీకట్లో తెలియలేదు.

"మామయ్యా, రేపు గుంటూరు వెళ్దామా?"

"బండి సంగతి నాకు తెలుసు. కంటి సంగతి వేరు. మూడో కోత అయ్యాక చూద్దాం."

బయటికి వచ్చాక ఆయన ఎడమకన్ను ఎర్రగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి. నావీ ఎర్రగానే ఉన్నాయి. మిరప కోతల కాలంలో మా వైపు ఊళ్ళలో ఎర్రగా లేని కళ్ళంటే కొత్తగా వచ్చిన చుట్టానివే. అత్తగారు నన్ను కోప్పడ్డారు.

"అసలే కనపడని మనిషిని తీసుకుపోయి కారంలో కూకోబెడితివి. సదువుకున్నదానివి గదా!"

చన్నీళ్ళతో కడిగి, వెన్న రాశారు. మర్నాటికి నా కళ్ళు తేటపడ్డాయి. ఆయనది తేటపడలేదు. తలనొప్పి అన్నారు. రోజూ కల్లంలో మిరపకాయల మధ్యే ఉంటున్నారు కదా, కారమే అనుకున్నాం. రెండో వారం ఒకరోజు వాంతి అయ్యింది. ఎండ అనుకున్నాం. అప్పుడు నేను చేసింది ఏమిటంటే, పాఠం పూర్తిగా ఎక్కలేదేమోనని ఇంకో పద్ధతి ఆలోచించడం. ఈసారి పైన వేరుశనగ నూనె కూడా పోసి మూడు పొరలు చేద్దామా అని కాగితం మీద బొమ్మ వేసుకున్నాను. ఆ కాగితం చాలా రోజులు నా పుస్తకంలో ఉంది.

మూడో వారం కల్లంలో ఆ సంగతి జరిగింది. కోసి ఎండబెట్టిన కాయల్ని ఆడకూలీలు ఏరుతున్నారు. ఎర్రటి మంచికాయ ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఒక కుప్ప. మామగారు ఎప్పుడూ కుప్ప ముందు నిలబడి, చేతికర్రతో చూపించి, ఏది ముందు గోతాల్లో తొక్కాలో చెప్పేవారు. నలభై ఏళ్ళుగా అలాగే చెప్పారు. ఆ రోజు నేను మజ్జిగ తీసుకెళ్ళాను కాబట్టి నా కళ్ళతో చూశాను. ఆయన తాలు కుప్ప ముందు నిలబడి కర్ర ఎత్తారు.

"కాయంటే ఇదిరా కాయ. ముందు దీన్ని తొక్కండి."

ఎవరూ కదల్లేదు.

"ఏంది, వినపళ్ళా?"

"పెద్దయ్యా, అది తాలు" అంది ఒక పిల్ల.

అందరిలోకీ పెద్దావిడ నడుం ఎత్తింది. "పోనీలెండే. పెద్దయ్యకి తాలూ ఎర్రగానే కనపడతంది. మా ముసలోడికీ అట్టా కనపడితే నేనీపాటికి రంభనయ్యేదాన్ని!"

కల్లం అంతా నవ్వింది. మామగారు కూడా నవ్వారు. కర్ర దించి, వంగి ఒక కాయ తీసుకుని వేళ్ళతో నలిపి చూశారు. తాలుకాయ చేతికి తెలుస్తుంది, తేలిగ్గా, కాగితంలా ఉంటుంది. కాయ కింద పడేసి నా దగ్గరికి వచ్చి మజ్జిగ తాగారు.

"అమ్మాయ్, రేపు బడికి సెలవు పెట్టు."

అలా మేము గుంటూరు వెళ్ళాం. తీసుకెళ్ళింది సైన్సు కాదు, ఆ పెద్దావిడ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎడమకన్ను చూసి, వేలితో రెప్ప మీద నొక్కి, వెంటనే ఏదో కొలిచే సాధనం తెమ్మంది. తర్వాత నన్ను అడిగింది.

"ఎన్నాళ్ళుగా ఎర్రగా ఉంది?"

"మూడు వారాలు."

"తలనొప్పి, వాంతులు?"

"ఉన్నాయి."

"మూడు వారాలు ఏం చేస్తున్నారండీ?"

కాంతి వక్రీభవనం బోధిస్తున్నానని చెప్పలేదు. కారం అనుకున్నామండి అన్నాను. మీ వైపు వాళ్ళందరూ ఇదే చెబుతారు అంది ఆవిడ, కోపంగా కాదు, అలసటగా. ఎడమకంటికి అదే వారం ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది. చూపు రాలేదు. లోపలి ఒత్తిడికి నరం అప్పటికే పోయిందన్నారు. మొదట్లోనే తెచ్చి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, మామగారు వింటున్నారని చూసి ఆపేసింది. నెల తర్వాత కుడికంటికి చేశారు. దానికి చూపు బాగా వచ్చింది.

కట్టు విప్పాక ఆయన అన్న మొదటి మాట అత్తగారితో. "నీ జుట్టు ఇంత తెల్లబడిందేందే? ఎవరూ చెప్పలేదే నాకు."

"చెప్తే ఏం చేసేవాడివి?" అన్నారు ఆవిడ.

ఎడమకంటి గురించి ఆయన ఒక్కటే మాట అన్నారు, బస్సులో తిరిగి వస్తూ. "రెండెకరాలేస్తే ఎకరం పండింది. ఈ ఏడుకి చాల్లే."

మూడో కిలో పంచదార నేను అడగలేదు. ఆయనే తెప్పించారు. ఇంటికి వచ్చిన పది రోజులకి, "ఆ తొట్టె మళ్ళీ పెట్టు, ఈసారి చూస్తా" అన్నారు. అప్పటికి కోతలు అయిపోయాయి, గోతాలు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళిపోయాయి. కొట్టు ఖాళీగా ఉంది. దుమ్ము మాత్రం ఇంకా ఉంది కాబట్టి, డాక్టరమ్మ చెప్పిన నల్లద్దాలు పెట్టుకుని లోపలికి వచ్చి, తలుపు మూశాక తీశారు. అత్తగారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు, తన పంచదార ఏమవుతుందో చూడటానికి.

లైటు నొక్కాను. గీత వంగింది. మామగారు చాలాసేపు చూశారు. తల అటూ ఇటూ కదిపి చూశారు.

"అదీ! బురదలో చక్రం" అన్నారు. "నే చెప్పలా?"

"చెప్పావు, చెప్పావు" అన్నారు అత్తగారు. "ఆ అమ్మాయికి సదువు నువ్వే చెప్పావు."

ఆయన నవ్వారు. తర్వాత అరచేత్తో కుడికన్ను మూసుకుని, ఎడమకన్ను తొట్టెకి ఎదురుగా పెట్టారు. నా బొటనవేలు లైటు మీద ఉంది. చాలాసేపటి నుంచి నొక్కి ఉంచానేమో, వేలు తిమ్మిరెక్కి జారింది. గీత ఆరిపోయింది. తొట్టె చీకట్లో ఉంది.

"ఆ కంటికి కూడా కనపడతందా?" అని అడిగారు అత్తగారు.

"ఎందుకు కనపడదు? ఎర్రగా ఉంది" అన్నారు ఆయన. "కొంచెం మసక, అంతే. అమ్మాయ్, నువ్వేం దిగులు పెట్టుకోమాక. బాగానే కనపడతంది."

అత్తగారు నా వైపు తిరిగారు. చీకట్లో ఆవిడ మొహం నాకు కనపడలేదు. ఆయన చెయ్యి తీసేలోపు మళ్ళీ లైటు నొక్కాను.